మీటరు చూపే డీజిల్ వేరు, ట్యాంకు తాగే డీజిల్ వేరు

సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలితే మిర్యాలగూడ, కోదాడ వైపు, మూసీ నీళ్లొస్తే సూర్యాపేట వైపు ట్రాక్టర్లకు రాత్రీ పగలూ తీరిక ఉండదు. ఎకరం, రెండెకరాల రైతుకు సొంత బండి ఉండదు కనుక కిరాయికి పిలవాల్సిందే. గంట లెక్కన కొందరు ఇస్తారు, డీజిల్ పోయించి బండి కిరాయి వేరుగా కొందరు ఇస్తారు. ఎలా ఇచ్చినా లెక్క తేలేది మీటరు దగ్గరే. ఆ మీటరు ఏం కొలుస్తుందో తెలియకపోతే నష్టం మీకే.

గంటల మీటరు గడియారం కాదు

పాత ట్రాక్టర్లలో గంటల మీటరు ఇంజను చుట్లను లెక్కిస్తుంది. కంపెనీ పెట్టిన వేగంలో ఇంజను తిరిగితేనే మీటరు గంట, గడియారం గంట ఒకటవుతాయి. ఆ వేగం నిమిషానికి 1500 చుట్లు అనుకుందాం. ఇంజను 2000 చుట్ల మీద నడిస్తే గడియారంలో గంట గడిచేసరికి మీటరు గంటా 20 నిమిషాలు చూపుతుంది. 750 చుట్ల మీద ఊరకే నడిస్తే అరగంటే చూపుతుంది. మీ బండికి పెట్టిన వేగం ఎంతో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

కొత్త బండ్లలోని ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు గడియారంలాగే నడుస్తాయి. గట్టు మీద బండి ఊరకే ఆన్‌లో ఉన్నా గంట గంటే. అందుకే కిరాయి మాట్లాడేటప్పుడు గడియారం గంటా, మీటరు గంటా అన్నది ముందే తేల్చుకోండి. ఎకరం లెక్కన మాట్లాడుకుంటే ఈ పేచీ ఉండదు.

కంప్యూటరు కొలవదు, లెక్కగడుతుంది

2023 జనవరి 1 నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. ఇలాంటి బండ్లలో చాలావాటికి డీజిల్‌ను కంప్యూటరే అదుపు చేస్తుంది. గంటకు ఇన్ని లీటర్లని తెర మీద చూపేదీ అదే. అయితే అది ట్యాంకులోకి తొంగి చూడదు. ఇంజెక్టరు ఎంతసేపు తెరుచుకుంది, ఒత్తిడి ఎంత అన్నదాన్ని బట్టి లెక్కవేస్తుంది. ఇంజెక్టరు అరిగినా, పైపు దగ్గర డీజిల్ కారినా ఆ లెక్కలోకి రాదు.

లీటరుకు ఇన్ని కిలోమీటర్లని చూపే బండ్లతో ఇంకో చిక్కు. చక్రం తిరిగితే చాలు, బండి ముందుకు పోయిందనే అవి లెక్క. 10 చుట్లకు 40 మీటర్లు పోవాల్సిన బండి చక్రం జారి 34 మీటర్లే పోయిందనుకోండి, తెర మీద 40 మీటర్లే పడుతుంది. కరిగెట్టులో చక్రం ఇంకా ఎక్కువ జారుతుంది. కాబట్టి పొలంలో కిలోమీటర్ల లెక్క నమ్మొద్దు, ఎకరానికి ఎన్ని లీటర్లో చూడండి.

నిజం చెప్పేది నిండు ట్యాంకు

1. బండిని చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, ట్యాంకు మూతి దగ్గర ఒక గుర్తు వరకు డీజిల్ నింపండి.
2. విస్తీర్ణం తెలిసిన పొలంలోనే పని చేయించండి. 40 గుంటలు ఒక ఎకరం.
3. పని కాగానే బండిని అదే చోట, అదే దిక్కుకు నిలపండి.
4. కొలత డబ్బాతో మళ్లీ అదే గుర్తు వరకు పోయండి. పోసిన లీటర్లే తాగిన లీటర్లు.

ఉదాహరణకు, 2 ఎకరాల 20 గుంటలకు 15 లీటర్లు పట్టిందనుకుందాం. 15ను రెండున్నరతో భాగిస్తే ఎకరానికి 6 లీటర్లు. అదే పనికి కంప్యూటరు 13.5 లీటర్లు చూపితే, అది 9 అన్నచోట అసలు ఖర్చు 10 అన్నమాట. ఒక్కసారితో సరిపెట్టుకోక మూడుసార్లు చూసి సగటు తీయండి. దుక్కికి, దమ్ముకు, ట్రాలీకి వేర్వేరుగా రాసుకోండి.

మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ట్రాక్టర్లను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ కూడా డీజిల్‌ను కొలిచే లెక్కగడుతుంది. ట్రాక్టరు కొనేవారు ఆ పరీక్ష నివేదిక చూపమని డీలరును అడగొచ్చు. పంపు మీద అనుమానం వస్తే 5 లీటర్ల ముద్ర కొలతతో పోసి చూపమనండి. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తేడా ఉండకూడదు.

తేడా కనిపిస్తే

ఎకరం ఖర్చు గతంకన్నా పెరిగితే ముందు గాలి ఫిల్టరు, టైర్ల గాలి, డీజిల్ పైపుల బిగింపులు చూడండి. నల్ల పొగ వస్తుంటే ఫిల్టరు శుభ్రం చేయించండి, అప్పటికీ తగ్గకుంటే ఇంజెక్టర్లను మెకానిక్‌కు చూపించండి. తేలిక పనికి పై గేరులో, తక్కువ రేసుతో నడపాలి. ధాన్యం ట్రాలీ మిర్యాలగూడ మిల్లు ముందు వరుసలో నిలిచినప్పుడు ఇంజను ఆపేయండి. ఇంజను నడుస్తుండగా డీజిల్ పోయొద్దు, దగ్గర బీడీ వెలిగించొద్దు.

తేదీ, పని, విస్తీర్ణం, పోసిన లీటర్లు అని నాలుగు గళ్లు గీసిన చిన్న నోటుపుస్తకం ఇంట్లో ఉంచండి. ఒక్క పంటకాలం రాస్తే చాలు, వచ్చే సీజను కిరాయి మీరే లెక్కతో మాట్లాడగలుగుతారు.