ఊరు

తెలుగుబిడ్డ తొలుదొల్త నేర్చు మాటలలో "ఊరు" ఒకటి. రెండక్షరముల యీ పదము మన యొక్కరి సొత్తు కాదు. కన్నడమున "ఊరు", తమిళ మలయాళములందు "ఊర్". నెల్లూరు, ఏలూరు, గుంటూరు, మైసూరు, వేలూరు అను పేర్ల చివర నున్నది ఈ మాటయే. "ఊరంతయు తరలి వచ్చినది" అన్నప్పుడు మనము ఇండ్లను గాక మనుష్యులను తలంతుము. చోళుల కాలమున తమిళదేశమందు గ్రామసభకే "ఊర్" అను పేరుండెను.

ఇరాకు దేశపు దక్షిణభాగమున "ఉర్" అను ప్రాచీననగర శిథిలములు కలవు. 1922 మొదలు 1934 వరకు లియొనార్డ్ ఊలీ అను ఆంగ్లేయుడు అచట త్రవ్వించి, సుమారు 4,500 ఏండ్లనాటి రాజసమాధులను వెలికి తీసెను. అచటి సుమేరియనుల భాషలో పట్టణమునకు "ఉరు" అని పేరు. ఇది విన్న తెలుగువాని మేను పులకించుట సహజము. మన పూర్వులును వారును ఒక్కరే యని వాదించినవారు లేకపోలేదు. కాని ఆ నగరమును దాని పౌరులు పిలిచిన పేరు "ఉరిమ్".

చెవికి ఒక్కటిగా తోచినంతమాత్రమున చుట్టరికము కలుగునా? బాస్కు భాషలో "ఉర్" అనగా నీరు. హంగేరియను భాషలో "ఊర్" అనగా దొర. జర్మను పదమునకు ముందు "ఉర్" చేర్చినచో మిక్కిలి పురాతనమని అర్థము. సంస్కృతమున "ఊరు" అనగా తొడ. భాసుని "ఊరుభంగము" ఒక గ్రామము పాడైన కథ యనుకొని తెరచిన విద్యార్థి, దుర్యోధనుని తొడ విరిగిన ఘట్టమును చూచి విస్తుపోవును!

మరి చుట్టరికమునకు సాక్ష్యమేమి? ఒక్క మాట చాలదు. పెక్కు మాటలు ఒకే తీరున మారియుండవలెను. మన పాలు కన్నడమున హాలు, పులి హులి, పంది హంది. మన "ప" ఉన్నచోట అచట "హ" వచ్చుచున్నది. చెన్నపట్టణమున కలెక్టరుగా నుండిన ఎల్లిస్, దక్షిణభాషల ధాతువులను పోల్చి, అవి యొక కుటుంబమని 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణమునకు చేర్చిన వ్యాసమున చూపెను. 1856లో కాల్డ్వెల్ ఆ పనిని విస్తరించెను. సుమేరియను భాషకు మాత్రము జ్ఞాతిభాష ఏదియు ఇంతవరకు స్థిరపడలేదు.

దూరదేశముల మాట యేల? మన యింటనే చిక్కున్నది. బావిలో నీరు ఊరును. చింతకాయను చూచిన నోరు ఊరును. మామిడికాయ ఉప్పుకారములలో ఊరి ఊరగాయ యగును. ఈ ఊరుటకును మనము కాపురమున్న ఊరికిని సంబంధము లేదు. పూర్వము తెలుగువారు మొదటిదానిని బండి "ఱ"తో "ఊఱు" అనియు, రెండవదానిని సాధురేఫముతో "ఊరు" అనియు వ్రాసిరి. ఱకారము వాడుకనుండి తొలగుటచే రెండును ఒక్క రూపు దాల్చినవి. తమిళులు నేటికిని వానిని వేర్వేరు రకారములతోనే వ్రాయుచున్నారు.