వడ్ల కాటా: అరకిలో ఎవరి ఖాతాకు?

నంద్యాల: ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు వడ్లు తోలిన రైతు కాటా మీది అంకెను శ్రద్ధగానే చూస్తాడు. ఆ అంకె కంప్యూటర్ బిల్లులోకి ఎక్కేటప్పుడు ఏమవుతున్నదో చూసేవారు తక్కువ. కాటా అరకిలో వరకు చూపించి, బిల్లు మాత్రం పూర్తి కిలోలలో వేసే పక్షంలో, సరిగ్గా సగం మీద ఆగిన తూకాన్ని యంత్రం ఎటు తోస్తుందన్నదే ప్రశ్న.

నాలుగు బస్తాలు 73.5, 74.5, 75.5, 76.5 కిలోలు తూగాయనుకుందాం. అసలు మొత్తం 300 కిలోలు. ప్రతి సగాన్నీ పైకి తోస్తే 302 అవుతుంది. కొట్టివేస్తే 298. సగం వచ్చినప్పుడు దగ్గరి సరిసంఖ్యకు మార్చే పద్ధతి మరొకటి ఉన్నది. దాని ప్రకారం 74, 74, 76, 76 వెరసి 300. ఒకటి పైకి, ఒకటి కిందికి పోవడంతో హెచ్చుతగ్గులు సర్దుకుంటాయి. దీన్నే బ్యాంకర్ల పద్ధతి అంటారు. 1960 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 2 చెప్పేది ఇదే. కంప్యూటర్ లెక్కలకు 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం కూడా మామూలుగా దీన్నే పాటిస్తుంది.

అయితే అన్ని చోట్లా ఇదే నియమం కాదు. 2017 జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం 50 పైసలు, ఆపైన ఉంటే రూపాయి కింద లెక్క. 2.5ను ఎక్సెల్‌లోని రౌండ్ సూత్రం 3 చేస్తుంది. పైథాన్ 3లోని రౌండ్ 2 చేస్తుంది. తూకం ఒకటే, బిల్లులు రెండు!

సరిసంఖ్య పద్ధతిని గుడ్డిగా నమ్మడానికీ లేదు. బేసి, సరి అంకెలు కలిసి వస్తేనే అది న్యాయం. బస్తాలను ఒకే తూకానికి నింపుతారు కదా. 500 బస్తాలూ 74.5 కిలోలే తూగితే ప్రతిదీ 74గానే పడి, 250 కిలోలు మాయమవుతాయి. క్వింటాలు రూ.2,400 అనుకుంటే రైతుకు నష్టం రూ.6,000. అదే 75.5 అయితే కొనుగోలుదారుకు అంతే నష్టం.

చిల్లర చిన్నదే గదా అనుకోరాదు. కెనడాలోని వాంకోవర్ స్టాక్ ఎక్స్ఛేంజి 1982లో 1,000 వద్ద సూచీని ప్రారంభించింది. ప్రతి లావాదేవీకీ మూడో దశాంశం తర్వాతి అంకెలను కత్తిరిస్తూ పోవడంతో 1983 నవంబరు నాటికి అది 524కు దిగింది. లెక్క దిద్దాక తేలిన అసలు విలువ 1,098.

బస్తాబస్తాకూ రౌండ్ చేయక, అరకిలోలతో సహా అన్నీ కూడి, చివర ఒక్కసారే రౌండ్ చేస్తే తేడా ఎంత పెద్ద లాటుకైనా అరకిలోకు మించదు. పట్టీ చేతికందినప్పుడు కాటా చీటీలోని తూకాలను కూడి, అడుగునున్న మొత్తంతో సరిచూసుకోవడానికి పది నిమిషాలు చాలు.