కమాన్ కట్ట ఎక్కడ విరుగుతుంది, ఎందుకు విరుగుతుంది?

మెషిన్ డిజైన్ పరీక్షలో లీఫ్ స్ప్రింగ్ లెక్క వస్తే మనకి పండగే. సూత్రం ఒకటే, అంకెలు వేసుకుంటూ పోతే మార్కులు పడిపోతాయి. ఆ లెక్కలో పట్టీలు ఎప్పుడూ కొత్తవే, బోల్టులు ఎప్పుడూ బిగువుగానే ఉంటాయి. విరిగిన పట్టీ అనే మాట ప్రశ్నపత్రంలో నాకు ఇంతవరకు కనబడలేదు. అది చూడాలంటే గాజువాక ఆటోనగర్‌కి వెళ్ళాలి. స్టీల్ ప్లాంటు నుంచి ఇనుము, పోర్టు నుంచి కంటైనర్లు మోసే ట్రైలర్లు అక్కడ రిపేరుకి వస్తాయి. వేసవి సెలవుల్లో అక్కడి ఒక కమాన్ షెడ్డులో కొన్నాళ్ళు కూర్చుని చూసినదానికీ, క్లాసులో చదివినదానికీ ముడిపెట్టి ఈ పాఠం రాస్తున్నాను. మెకానికల్ కానివాళ్ళు కూడా చదవొచ్చు, సూత్రాలు మాటల్లోనే చెప్తాను.

ముందు పేరు సంగతి. మనం లీఫ్ స్ప్రింగ్ అంటాం, షెడ్డులో కమాన్ కట్ట అంటారు. ఒక్కో ఆకు పట్టీ, అన్నిటికన్నా పొడుగైనది మెయిన్ పట్టీ. కమాను అంటే పారశీకంలో విల్లు. వయొలిన్ వాయించే కమానూ, గుమ్మం మీద కట్టే కమానూ, లారీ కింద కమానూ ఒకే మాట పిల్లలే. విల్లు అన్న పోలిక ఊరికే రాలేదు. రెండు చివర్లా బరువు, మధ్యలో పట్టు, వంగి మళ్ళీ లేవడం, అంతా విల్లు వ్యవహారమే.

అసలు ఇన్ని పట్టీలు ఎందుకు, ఒకే మందపాటి దిమ్మ పెట్టేస్తే పోలేదా అని ఎప్పుడైనా అనుకున్నారా? నేను కొలిచిన కట్టలో పది పట్టీలున్నాయి. వెడల్పు 90 మి.మీ., ఒక్కో పట్టీ మందం 13 మి.మీ., కట్ట మొత్తం పొడవు సుమారు మీటరు. పది పట్టీలకి బదులు 130 మి.మీ. మందం ఉన్న ఒకే దిమ్మ పెట్టామనుకోండి. వంగడం అనేది మందం ఘనానికి విలోమంగా ఉంటుంది కాబట్టి ఆ దిమ్మ పది పట్టీల కట్ట కన్నా 100 రెట్లు గట్టిగా ఉంటుంది. అది విరగదు, ఊగదు కూడా. గుంటలో పడ్డ ప్రతిసారీ ఆ దెబ్బ తిన్నగా ఛాసిస్‌కీ సరుకుకీ పోతుంది. పట్టీలు ఒకదానిమీద ఒకటి జారుతూ వంగడంలోనే ఈ కట్ట తెలివి ఉంది. ఆ జారుడులో పుట్టే రాపిడి కొంత ఊపుని మింగేస్తుంది కూడా.

ఇప్పుడు లెక్క. ఇరుసు మీద 10 టన్నులు ఉన్నాయనుకుందాం. రెండు కట్టలకీ చెరో 5 టన్నులు, కట్ట ఒక్కో చివర రెండున్నర. ఈ బరువులో ఇరుసు, చక్రాల బరువు తీసేయలేదు, మోటు లెక్కే. బరువుని సగం పొడవుతో, ఆపైన 6తో హెచ్చించి, పట్టీల సంఖ్య, వెడల్పు, మందం వర్గం ఈ మూడిటి లబ్ధంతో భాగిస్తే ప్రతిబలం వస్తుంది. మన కట్టకి అది సుమారు 484 మెగాపాస్కల్‌లు. కట్ట కిందికి దిగేది దాదాపు 45 మి.మీ. స్ప్రింగు ఉక్కుకి ఇది భయపడాల్సిన అంకె కాదు.

ఒక పట్టీ విరిగిందనుకోండి. పది కాస్తా తొమ్మిది అయ్యాయి. ప్రతిబలం సుమారు 537కి ఎక్కింది, దిగుడు 50 మి.మీ. అయ్యింది. అయిదు మి.మీ. తేడా, అంతే కదా అనిపిస్తుంది. చాలామంది డ్రైవర్లు ఒక పట్టీ పోయినా నడిపేసేది అందుకే. బండి నడుస్తుంది మరి! కానీ ఇక్కడ మనల్ని ముంచేది ప్రతిబలం కాదు, అలసట. ఫెటీగ్ పాఠంలో ఎస్-ఎన్ వక్రం గుర్తుందా? ప్రతిబలం 11 శాతం పెరిగితే ఆయువు 11 శాతం తగ్గి ఊరుకోదు. ఉదాహరణకి ఘాతం 5 అనుకుని చూస్తే, మిగిలిన తొమ్మిది పట్టీల ఆయువు 59 శాతానికి పడిపోతుంది. రెండు పట్టీలు పోతే మూడో వంతే మిగులుతుంది. ఒక పట్టీ విరిగాక రెండోది, మూడోది గబగబా విరగడం వెనక ఉన్నది ఇదే.

ఇంకో సంగతి కూడా ఇదే లెక్కలో ఉంది. 2018లో మన దేశంలో నాలుగు టైర్ల ఇరుసు మీద చట్టం అనుమతించే బరువు 10.2 టన్నుల నుంచి 11.5కి పెరిగింది. అంటే పన్నెండున్నర శాతం పైమాటే. పాత బరువుకి సరిపడా చేసిన కట్టమీద కొత్త బరువు ఎక్కిస్తే పట్టీల దృష్టిలో అది ఒక పట్టీ విరిగినదానితో సమానం. ఆపైన ఓవర్‌లోడు వేస్తే ఏమవుతుందో మీరే గుణించుకోండి.

నేను చూసిన బండి మూడు ఇరుసుల ట్రైలరు. మధ్య ఇరుసు ఎడమవైపు కట్టలో పైనుంచి నాలుగో పట్టీ రెండు ముక్కలైంది. ముందురోజు ఒక గుంటలో పడినప్పుడు విరిగిందని డ్రైవరు చెప్పాడు, శబ్దం కూడా విన్నాడట. మేస్త్రీ గారు విరిగిన ముఖం మీద డీజిల్ గుడ్డతో తుడిచి నాకు చూపించారు. సగానికి పైగా నల్లగా, నున్నగా, గవ్వ మీద గీతల్లాగా వంపు గీతలతో ఉంది. మిగతా భాగం గరుగ్గా, తళతళలాడుతూ ఉంది.

"ఇది నిన్న ఇరిగింది కాదు బాబూ. ఎప్పుడో మొదలైంది, నిన్న పూర్తయింది" అన్నారు.

మన పుస్తకంలో బీచ్ మార్కులు అని బొమ్మ వేసి ఉంటుంది చూడండి, అవే ఆ గీతలు. పగులు కొంచెం కొంచెంగా ముందుకి పాకిన గుర్తులు. నల్లటి భాగంలోకి తేమ దిగి తుప్పు పట్టడానికి సమయం చిక్కింది. గరుకు భాగమే ముందురోజుది. గుంట చేసింది ఆఖరి పనే.

ఎక్కడ విరిగింది అన్నది అంతకన్నా ముఖ్యం. సరిగ్గా మధ్యలో, సెంటర్ బోల్టు బొక్క దగ్గర. మేస్త్రీ గారి సూత్రం ఇది: "కట్ట ఒదులైతే బొక్క కాడ ఇరుగుద్ది. కట్ట బిగువుగా ఉంటే యూ బోల్టు అంచు కాడ ఇరుగుద్ది." నాకైతే ఈ రెండు వాక్యాలు ఒక యూనిట్ నోట్సుతో సమానం. ఎందుకో చూద్దాం. యూ బోల్టులు గట్టిగా బిగిసి ఉన్నంతసేపు వాటి మధ్య ఉన్న భాగం ఒకే దిమ్మలాగా ఉంటుంది, దాదాపు వంగదు. బొక్క అక్కడే ఉన్నా దానికి పని లేదు. వంపు ఎక్కువగా పడేది యూ బోల్టుల పట్టు ముగిసే అంచు దగ్గర. అదే బోల్టులు వదులైతే వంపు లోపలిదాకా పాకుతుంది. బొక్క చుట్టూ ప్రతిబలం పోగుపడుతుందని మనకి తెలుసు, పైగా బొక్క ఉన్నచోట పట్టీ వెడల్పు కూడా తక్కువ. పగులు అక్కడే పుడుతుంది. ఈ బండిలో ఇరుసు సీటు మీద రాపిడి మెరుపులు, ఎర్రటి తుప్పు పొడి, సాగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చిన బొక్క, మూడూ కనబడ్డాయి. కాబట్టి నేరం పట్టీది కాదు, వదులైన నట్టుది. పట్టీ ఒక్కటే మార్చి పాత యూ బోల్టులే బిగిస్తే అదే జబ్బు మళ్ళీ వస్తుంది.

ఇక రిపేరు. దీంట్లో ప్రాణం మీదకి వచ్చేవి రెండున్నాయి, వాటి దగ్గర ఆగి చెప్తాను.

మొదటిది జాకీ. సరుకు దింపేశాక బండిని చదును నేలమీద నిలిపి, మిగతా చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టారు. వీల్ నట్లు చక్రం నేలమీద ఉండగానే కొంచెం వదులు చేశారు. ఛాసిస్‌ని జాకీతో లేపి, దాని కింద ఇనుప స్టాండ్లు పెట్టి, బరువు స్టాండ్లమీదకి దిగాకే చక్రాలు ఊడదీశారు. ఇంకో జాకీ ఇరుసు కింద ఉంటుంది. దాని పని బండిని మోయడం కాదు, కట్టమీద లాగుడు లేకుండా ఇరుసుని సరైన ఎత్తులో పట్టుకోవడం. హైడ్రాలిక్ జాకీలో బరువంతా ఒక చిన్న రబ్బరు సీలు మీద ఆధారపడి ఉంటుంది. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందకి దూరితే ఈ షెడ్డులో ఆరోజు కూలి లేదు, ఎంత పాత కుర్రాడైనా సరే.

యూ బోల్టుల నట్లు తుప్పుతో బిగుసుకుపోయి డీజిల్ పోసినా కదల్లేదు. గ్యాస్ కటింగ్‌తో కోశారు. ఎలాగూ యూ బోల్టులు ఒకసారి విప్పితే మళ్ళీ వాడకూడదు. పూర్తిగా బిగించినప్పుడు మర సాగి ఉంటుంది, రెండోసారి అదే పట్టు రాదు. ఒక్క జాగ్రత్త, మంట పట్టీలకి తగలకూడదు. స్ప్రింగు ఉక్కుని వేడిచేసి నూనెలో ముంచి, మళ్ళీ కొంత వేడిమీద పదును దింపితేనే దానికి ఆ గుణం వస్తుంది. గ్యాస్ మంట ఆ పదునుని తగిలిన మేర పాడుచేస్తుంది. విరిగిన పట్టీని వెల్డింగ్ చేయకూడదనేది కూడా ఇందుకే. అతుకు పక్కన ఉక్కు గాజులాగా పెళుసెక్కుతుంది. రోడ్డు పక్కన ఎవరైనా వెల్డింగ్ చేసిస్తానంటే వద్దనండి.

రెండో ప్రమాదం సెంటర్ బోల్టు. కట్ట విప్పి నేలమీద పెట్టాక అది అమాయకంగా కనబడుతుంది. కానీ లోపల పట్టీలు ఒకదాన్నొకటి తోస్తూ ఉంటాయి. పొట్టి పట్టీలకి వంపు ఎక్కువ, పొడుగు పట్టీలకి తక్కువ ఉండేట్టు కావాలని చేస్తారు. విడిగా పేర్చితే మధ్యలో సందులు కనిపిస్తాయి, సెంటర్ బోల్టు బిగిస్తే ఆ సందులు మూసుకుంటాయి. పుస్తకంలో దీన్ని నిప్ అంటారు. నిప్ లేకపోతే నిడివి పట్టీలమీద పొట్టి పట్టీలకన్నా ఒకటిన్నర రెట్లు ప్రతిబలం పడుతుంది. నిప్‌తో మెయిన్ పట్టీని ముందే ఎదురుదిశలో కొంచెం వంచి ఉంచుతాం కాబట్టి బరువు పడ్డాక అన్నీ సమానమవుతాయి. ఆ ముందస్తు వంపే బోల్టు విప్పేటప్పుడు దెబ్బ కొడుతుంది. అందుకే కట్టని పెద్ద వైసులో బిగించి, బోల్టు తీసేశాక వైసుని నెమ్మదిగా వదిలారు. మేస్త్రీ గారి ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంటుంది. కుర్రతనంలో వైసు లేకుండా ఉలితో బోల్టు కొట్టినప్పుడు పోయిందట.

ఇక్కడ వాదన మొదలైంది. ఒక్క పట్టీ మార్చి పంపెయ్యమన్నాడు డ్రైవరు. బండి ఆయన సొంతమే, ఫైనాన్సు కంతు మీద ఉంది, మర్నాడే లోడు. మేస్త్రీ గారు కట్ట మొత్తం మార్చాలన్నారు. డ్రైవరు బాధలో నిజం ఉంది, లెక్క మాత్రం మేస్త్రీ గారి వైపే ఉంది. పాత పట్టీలు ఏళ్ళ బరువుకి కొంత వంపు పోగొట్టుకుని చదునవుతాయి. వాటి మధ్య నిండు వంపున్న కొత్త పట్టీ పెడితే నిప్ లెక్క తప్పుతుంది. కొత్తది తన వాటాకి మించి మోస్తుంది, ముందు అదే పోతుంది. పాతవాటిని సమ్మెటతో కొట్టి వంపు తేవచ్చు కదా అంటారు. తేవచ్చు, చాలాచోట్ల అదే చేస్తారు. కానీ కొత్త పట్టీల ముఖం మీద ఫ్యాక్టరీలో సన్నటి ఉక్కు గుళ్ళు చిమ్మి, పగులు పుట్టకుండా పైపొరని నొక్కుడులో ఉంచుతారు. సమ్మెట గాటు సరిగ్గా దానికి వ్యతిరేకం, పగులుకి దారి వేసినట్టే. పైగా తొమ్మిది పట్టీల్లోనూ కంటికి కనబడని పగుళ్ళు ఎన్ని ఉన్నాయో ఆ షెడ్డులో తేల్చే సాధనం లేదు.

చివరికి ఎడమవైపు పూర్తి కొత్త కట్ట, నాలుగు కొత్త యూ బోల్టులు, కుడివైపు కట్టకి యూ బోల్టులు మాత్రం కొత్తవి. ఒక ఇరుసుకి రెండు కట్టలూ కలిపి మార్చడమే సరైన పద్ధతి. కుడి కట్ట పాతది కాబట్టి బండి అటు కాస్త ఒరుగుతుంది. అయినా ఆ రోజు ఆ జేబుకి అంతకన్నా మంచి బేరం లేదనే నా అభిప్రాయం. కుడి యూ బోల్టులు మార్చమని మేస్త్రీ గారు పట్టుబట్టడమే నాకు బాగా నచ్చింది. రోగకారణం అదే కదా.

బిగింపు గురించి కొంచెం. పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు రాసి, సెంటర్ బోల్టు తల ఇరుసు సీటు గుంటలో కూర్చుందో లేదో చేత్తో తడిమి చూశారు. అది కూర్చోకుండా బిగిస్తే ఇరుసు పక్కకి జరిగిపోయినట్టే. నాలుగు నట్లనీ ఎదురెదురు మూలలుగా, విడతలు విడతలుగా బిగించారు. ఆఖరి బిగింపు బండి సొంత చక్రాలమీద నిలబడ్డాకే. టార్క్ రెంచి లేదు, రెంచికి పైపు తొడిగారు. మీటరున్నర పైపు చివర 40 కిలోల బలంతో లాగితే దాదాపు 590 న్యూటన్ మీటర్లు. ఎంత పైపు, ఎంత బలం అనేది తెలిస్తే పైపు కూడా కొలత సాధనమే, కానీ లాగే మనిషి మారితే కొలత మారిపోతుంది. కంపెనీ ఇచ్చిన అంకె చూసి టార్క్ రెంచితో బిగించడమే నయం.

తరవాత టేపు తెచ్చి కింగ్‌పిన్ నుంచి ఇరుసు రెండు చివర్లకీ కొలిచారు. తేడా 3 మి.మీ. లోపు ఉండాలన్నది వాళ్ళ లెక్క. మొదట కొలిస్తే అంతకన్నా ఎక్కువ వచ్చింది. రేడియస్ రాడ్ మర తిప్పి సరిచేశారు. ఇది వదిలేస్తే ట్రైలరు పీతలాగా ఏటవాలుగా నడుస్తుంది, టైర్లు అరిగిపోతాయి.

మొదటి లోడు దింపగానే తిరిగి రమ్మని డ్రైవరుకి చెప్పారు. కొత్త కట్టలో రంగు, గ్రీజు, గరుకులు బరువుకి నలిగి కట్ట మందం వెంట్రుకవాసి తగ్గుతుంది, ఆ మేరకి బోల్టు పట్టు సడలుతుంది. నాలుగో రోజు ఆయన వచ్చాడు. అదే పైపు, అదే కుర్రాడు. నాలుగు నట్లూ ఇంకో పావు చుట్టు తిరిగాయి.