టర్బో కారు మాడిఫై చేస్తే స్మాగ్ చెక్‌లో ఎందుకు ఆగిపోతుంది?

టర్బో కారుకి పెద్ద డౌన్‌పైపు వేసి, ఈసీయూ రీమ్యాప్ చేయిస్తే పవర్ పెరుగుతుందని యూట్యూబ్ చూసే ప్రతివాడికీ తెలుసు. అదే బండి ఎమిషన్ టెస్టులో ఎందుకు ఇరుక్కుంటుందో చెప్పేవాళ్లు తక్కువ. ఇది మన ఐసీ ఇంజిన్స్ సబ్జెక్టే కాబట్టి ఒకసారి చూద్దాం. ఉదాహరణకి కాలిఫోర్నియా తీసుకుంటున్నాను. ఎమ్మెస్‌కి వెళ్లినవాళ్లు వేరే రాష్ట్రంలో చవగ్గా వచ్చిందని ఇలాంటి పాత కారు కొని, ఉద్యోగం వచ్చాక అక్కడికి తీసుకెళ్తే, స్మాగ్ చెక్ పాసవందే రిజిస్ట్రేషన్ అవదు.

ముందు క్యాటలిటిక్ కన్వర్టర్ సంగతి. అది కార్బన్ మోనాక్సైడ్‌నీ, కాలని హైడ్రోకార్బన్లనీ ఆక్సీకరణం చేస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్లని క్షయకరణం చేస్తుంది. రెండూ ఒకేసారి జరగాలంటే లాంబ్డా 1 దగ్గర ఉండాలి, అంటే కిలో పెట్రోలుకి సుమారు 14.7 కిలోల గాలి. ఇంకా అది 250-300 డిగ్రీలకి వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు. టర్బో బండిలో ఎగ్జాస్ట్ వేడిని టర్బైను ముందే కొంత లాగేసుకుంటుంది. అందుకే చాలా కంపెనీలు కన్వర్టర్‌ని టర్బోకి ఆనించినట్టు పెడతాయి. ట్యూనర్లు మొదట పీకేది సరిగ్గా దాన్నే, బ్యాక్‌ప్రెషర్ తగ్గుతుందని!

2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోలు కార్లకి అక్కడ సైలెన్సర్‌లో ప్రోబ్ పెట్టరు. ఓబీడీ పోర్టుకి కేబుల్ తగిలించి ఈసీయూనే అడుగుతారు. కన్వర్టర్ వెనక ఉన్న ఆక్సిజన్ సెన్సర్ రీడింగ్ స్థిరంగా ఉండాలి. అది కూడా ముందు సెన్సర్‌లాగే ఊగుతోందంటే కన్వర్టర్ పనిచేయట్లేదని అర్థం. అప్పుడు పీ0420 కోడ్ పడుతుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది.

టెస్టుకి ముందు కోడ్ చెరిపేస్తే సరిపోతుంది కదా అనుకుంటారు. చెరిపితే రెడీనెస్ మానిటర్లన్నీ మళ్లీ సున్నాకి వస్తాయి. ఈ మోడళ్లలో ఇవాప్ మానిటర్ ఒక్కటి తప్ప మిగతావన్నీ పూర్తయి ఉండాల్సిందే. అవి పూర్తవ్వాలంటే కోల్డ్ స్టార్టు, హైవే స్పీడు, ఐడిల్ అన్నీ కలిపి కొన్ని రోజులు బండి నడపాలి. ఈలోగా పాత కోడ్ మళ్లీ పడుతుంది.

పోనీ, ట్యూన్‌లోనే ఆ మానిటర్‌ని ఆపేస్తే? 2021 జూలై 19 నుంచి ఆ దారీ మూసుకుపోయింది. ఈసీయూలోని సాఫ్ట్‌వేర్ ఐడీ, చెక్‌సమ్ లాంటి సీవీఎన్ నంబరు చదివి, అది కంపెనీదో, కార్బ్ సంస్థ అనుమతి ఉన్నదో కాకపోతే ఫెయిల్ చేస్తారు. బానెట్ ఎత్తి విడిభాగాలు కూడా చూస్తారు. మార్చిన ఇన్‌టేక్‌కైనా, టర్బోకైనా ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉండాలి. కాబట్టి నిజంగా పనికొచ్చే దారి ఒకటే: అనుమతి ఉన్న కన్వర్టర్ బిగించి, స్టాక్ సాఫ్ట్‌వేర్ వేసి, మానిటర్లు పూర్తయ్యేదాకా నడిపి, అప్పుడు వెళ్లడం. పెద్ద ఇంజెక్టర్లు ఉంటే వాటినీ మార్చాలి, స్టాక్ మ్యాప్‌కి వాటి లెక్క తెలీదు. డబ్బు ఎక్కువయ్యేది ఇక్కడే. అందుకే కొనేముందే పాత భాగాలు ఉన్నాయా అని అడగాలి.

అన్నీ స్టాక్‌కి మార్చినా కోడ్ పడుతుంటే బూస్ట్ లీకు వెతకండి. ఎయిర్‌ఫ్లో మీటరు కొలిచిన గాలి టర్బో తర్వాత ఏ హోస్ క్లాంపు దగ్గరో బయటికి పోతుంది. ఈసీయూ మాత్రం పాత లెక్కకే పెట్రోలు పోస్తుంది, మిశ్రమం రిచ్ అవుతుంది. గాలిని బయటికి వదిలే బ్లో-ఆఫ్ వాల్వ్ చేసేదీ ఇదే. ఆ "ప్ష్‌ష్" సౌండు వెనక కథ అదన్నమాట. అదే లీకు ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గరుంటే ఐడిల్‌లో కొలవని గాలి లోపలికొచ్చి లీన్ అవుతుంది. స్మోక్ టెస్టు చేస్తే రెండూ దొరుకుతాయి.

మన పీయూసీ సంగతికొస్తే, బీఎస్4, బీఎస్6 పెట్రోలు కార్లకి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. 2,500 ఆర్‌పీఎం దగ్గర లాంబ్డా 0.97-1.03 మధ్య ఉండాలి. బండి న్యూట్రల్‌లోనే ఉంటుంది కాబట్టి బూస్టే రాదు. రీమ్యాప్ చేసిన ఇంజిన్ ఫుల్ థ్రాటిల్‌లో ఏం వదులుతుందో ఆ ప్రోబ్‌కి కనపడదు. నైట్రోజన్ ఆక్సైడ్లనైతే అసలు కొలవనే కొలవరు.