ఆగివున్న కారు కదిలే తొలి క్షణాలు

సూరత్‌లో తాపీ నది మీది వంతెనలు, వస్త్ర మార్కెట్ల పక్కగా సాగే రింగ్ రోడ్డు ఫ్లైఓవరు ఎప్పుడూ రద్దీగానే ఉంటాయి. మరమగ్గాల పనికి వచ్చి లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకూ ఈ దారులు బాగా పరిచయం. కొత్తగా స్టీరింగు పట్టినవారికి అసలు పరీక్ష ఇలాంటి చోటే ఎదురవుతుంది. ఎత్తు మీద ఆగిన కారును, వెనక ఆనుకుని నిలిచిన స్కూటరుకు తగలకుండా కదిలించాలి.

ఇంజను ఎందుకు ఆగిపోతుంది?

యాక్సిలరేటర్ తొక్కకపోయినా ఇంజను నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంది. చక్రాలు మాత్రం కదలవు. ఈ రెంటినీ ఒక్కసారిగా కలిపితే కారు కుదుపుతో దూకుతుంది, లేదా ఇంజను ఆగిపోతుంది.

మొదటి గేరులో ఇంజను 14 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందనుకుందాం. చక్రం చుట్టుకొలత 1.8 మీటర్లయితే కారు వేగం గంటకు సుమారు 6 కిలోమీటర్లు. సున్నా నుంచి ఆ వేగం అందుకునే దాకా క్లచ్ ప్లేటు ఫ్లైవీల్ మీద జారుతూ, ఘర్షణతో బలాన్ని అందిస్తుంది.

పెడల్ మెల్లగా వదులుతుంటే ఒకచోట ఇంజను శబ్దం మందగిస్తుంది. అదే బైటింగ్ పాయింట్. పాదాన్ని అక్కడ కాసేపు నిలిపి, కారు కదిలాక పూర్తిగా వదలాలి. ఎక్కువసేపు అక్కడే ఉంచితే ప్లేటు వేడెక్కి అరిగిపోతుంది.

బయలుదేరే క్రమం

1. సీటు, అద్దాలు సరిచేసుకుని సీటు బెల్టు పెట్టుకోవాలి.
2. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి, క్లచ్ నొక్కి ఇంజను స్టార్ట్ చేయాలి. గేరులో ఉన్న కారును క్లచ్ నొక్కకుండా స్టార్ట్ చేస్తే స్టార్టర్ మోటారే దాన్ని ముందుకు నెట్టేయగలదు.
3. మొదటి గేరు వేసి, ఇండికేటర్ ఇవ్వాలి. అద్దాల్లో చూశాక తల తిప్పి పక్కకూ చూడాలి. పక్కనుంచి వచ్చే ద్విచక్ర వాహనం అద్దంలో కనబడకపోవచ్చు.
4. బైటింగ్ పాయింట్ అందాక హ్యాండ్ బ్రేక్ దించి కదలాలి.

ఎత్తు మీద ఆగితే

30 మీటర్లకు ఒక మీటరు ఎక్కే వాలు మీద 1000 కిలోల కారును గురుత్వాకర్షణ సుమారు 330 న్యూటన్ల బలంతో వెనక్కి లాగుతుంది. టైర్ల నిరోధాన్ని పక్కన పెడితే, బ్రేకు వదిలిన రెండు సెకన్లలో కారు దాదాపు 65 సెంటీమీటర్లు వెనక్కి జారుతుంది. వెనకున్న స్కూటరుకు తగలడానికి అది చాలు.

అందుకే కాలు బ్రేకు మీంచి యాక్సిలరేటర్‌కు మారే వ్యవధిలో హ్యాండ్ బ్రేకే కారును పట్టి ఉంచాలి. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి, క్లచ్ పట్టు అందుకుని కారు ముందుకు లాగుతోందని తెలిశాకే దాన్ని దించాలి. అయినా జారితే వెంటనే క్లచ్, బ్రేకు రెండూ నొక్కి మళ్లీ మొదలుపెట్టాలి.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం లెర్నర్ లైసెన్సు ఉన్నవారి పక్కన లైసెన్సు ఉన్న శిక్షకుడు ఉండాలి. కారుకు ముందూ వెనకా ఎరుపు రంగు ‘ఎల్’ గుర్తు కనిపించాలి. ముందు ఖాళీ మైదానంలో, తర్వాత చిన్న వాలు మీద సాధన చేసి, ఆ తర్వాతే వంతెన ఎక్కడం మంచిది.