కొడవలి కణం చెప్పిన పాఠం



ఈ నెల సైన్సు పేజీ నా వంతు వచ్చింది. "జీవ పరిణామం మీద రాయి" అన్నారు సారు. పుస్తకంలో జిరాఫీ మెడ బొమ్మ ఉంది గదా, అదే చూసి రాసేద్దామనుకున్నాను. కానీ అంతకంటే దగ్గరి సంగతి మన హాస్టల్లోనే ఉంది.

మనలో ఒక మిత్రుడున్నాడు. పేరు రాయను. అతన్ని అడిగే ఇది రాస్తున్నాను. చలికాలం తెల్లవారుజామున అతనికి కాళ్ళూ చేతులూ ఎముకల్లోంచి నొప్పి పుట్టేది. ప్రేయరుకు ఆలస్యంగా వచ్చేవాడు. ఆటల పీరియడులో కూర్చుండిపోయేవాడు. "దొంగ నొప్పి" అని మేమంతా ఎగతాళి చేశాం. నేనూ చేశాను. తరవాత రక్తపరీక్ష జరిగింది. సికిల్ సెల్ వ్యాధి అని డాక్టరుగారు చెప్పారు. అప్పుడు ఇంకో తప్పు చేశాం. కొందరు అతని పక్కన కూర్చుని తినడం మానేశారు. ఒకడైతే "మనవాళ్ళ రక్తమే చెడ్డదిరా" అన్నాడు.

ఆ మాట నిజమా? జవాబు కావాలంటే ముందు విత్తనాల దగ్గరికి వెళ్ళాలి.

మనిషి చేసే ఎంపిక

చోడి కోతలప్పుడు మా అవ్వ చేనంతా తిరిగి గింజ నిండిన వెన్నులు ఏరుతుంది. వాటిని కట్టగట్టి పొయ్యి పైన పొగ తగిలేచోట వేలాడదీస్తుంది. మరుసటి ఏడు అవే విత్తనం. ఈ చోడి (రాగులు) పుట్టిల్లు ఆఫ్రికా. ఇథియోపియా, ఉగాండా వైపు ఎత్తు నేలల్లో అది ఒకప్పుడు అడవి గడ్డి. అడవి గడ్డికి గింజ పండగానే రాలిపోవాలి, రాలితేనే మళ్ళీ మొలుస్తుంది. మనిషికి మాత్రం రాలని వెన్ను కావాలి. రాలని వాటినే ఏరి, దాచి, చల్లి, వేల ఏళ్ళలో మనిషి ఆ గడ్డిని పంటగా మార్చాడు. దీన్నే కృత్రిమ వరణం అంటారు. చార్లెస్ డార్విన్ 1859లో అచ్చువేసిన "జాతుల పుట్టుక" పుస్తకంలో మొదటి అధ్యాయం ఇలాంటి సంగతులతోనే మొదలవుతుంది. పెంపుడు పావురాల గురించి అందులో చాలా రాశాడు.

దీనికి మూడు విషయాలు కావాలి. ఒకటి, ఒకే జాతిలో ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఉండాలి. రెండు, ఆ తేడా పిల్లలకు రావాలి. మూడు, ఆ తేడా వల్ల కొన్నింటి సంతానం ఎక్కువగా మిగలాలి. చేనులో ఎవరు మిగలాలో మా అవ్వ చూసుకుంటుంది. అడవిలో అవ్వ లేదు. అక్కడ కరువు, చలి, రోగం, శత్రువు ఆ పని చేస్తాయి. దాన్ని ప్రకృతి వరణం అంటారు. ప్రకృతికి కళ్ళు లేవు, మంచీ చెడూ తెలియవు. ఆ చోట, ఆ కాలంలో ఎవరు బతికి పిల్లల్ని కన్నారు అన్నదొక్కటే లెక్క.

కొడవలి ఎట్లా వచ్చింది?

మన ఎర్ర రక్తకణం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. దాంట్లోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోస్తుంది. హీమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అని ఒకటుంది. దానిలో 146 అమైనో ఆమ్లాలు పూసల్లాగా వరుసగా ఉంటాయి. సికిల్ సెల్‌లో ఆరో పూస ఒక్కటే మారింది. గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉంది. కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి కనిపెట్టాడు.

146లో ఒక్క పూస! కానీ ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ హీమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కుని పుల్లల్లాగా గట్టిపడుతుంది. కణం కొడవలిలాగా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. అదే మన మిత్రుని నొప్పి. మామూలు కణం 120 రోజులు బతికితే ఈ కణం 10 నుంచి 20 రోజులే బతుకుతుంది. అందుకే ఎప్పుడూ రక్తం తక్కువ, నీరసం.

ఇంత చెడ్డదైతే ఎందుకు పోలేదు?

ఇదే అసలు ప్రశ్న. ఆంథొనీ ఆలిసన్ అనే డాక్టరు కెన్యాలో ప్రజల రక్తం పరీక్షించాడు. సముద్రతీరంలోనూ విక్టోరియా సరస్సు పక్కనా ఈ లక్షణం చాలామందిలో ఉంది. చల్లని ఎత్తు ప్రాంతాల్లో తక్కువ. ఎక్కడ మలేరియా ఉందో అక్కడే ఇదీ ఉంది! ఆయన 1954లో దీన్ని ప్రకటించాడు.

జన్యువులు జంటగా ఉంటాయి. ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. మలేరియా ఉన్న చోట ఏమవుతుందో చూడండి.

రెండూ మామూలువైతే: సికిల్ సెల్ రాదు. కానీ మలేరియా ముదిరి చిన్నపిల్లలు చనిపోవచ్చు.
రెండూ కొడవలివైతే: సికిల్ సెల్ వ్యాధి. మందు లేని రోజుల్లో చాలామంది పెద్దవాళ్ళయ్యేవాళ్ళు కాదు.
ఒకటి మామూలు, ఒకటి కొడవలి అయితే: ఆరోగ్యంగానే ఉంటారు. ప్రాణం తీసే మలేరియా నుంచి సుమారు 90 శాతం రక్షణ ఉంటుంది. వీరిని వాహకులు అంటారు.

కాబట్టి వాహకులే ఎక్కువగా మిగిలారు. వాళ్ళ ద్వారా ఆ జన్యువు మన దాకా వచ్చింది. మందులూ దోమతెరలూ లేని కాలంలో మన ముత్తాతల్లో కొందరిని కాపాడింది ఇదే. ఇది గిరిజనులకే ఉన్నదీ కాదు. ఆఫ్రికాలో, అరబ్బు దేశాల్లో, గ్రీసులో, ఇటలీలోని సిసిలీలో కూడా ఉంది. మన దేశంలో 1952లో నీలగిరి కొండల్లో మొదట గుర్తించారు. ఇది కులం గుర్తు కాదు, దోమ తిరిగిన దారి గుర్తు. రక్తం చెడ్డదన్న మాట తప్పు.

ఇప్పుడు మనిషి చెయ్యి

అవ్వ వెన్ను ఏరింది. శాస్త్రవేత్తలు ఇప్పుడు జన్యువునే మార్చగలుగుతున్నారు. క్రిస్పర్ అనే పద్ధతికి చార్పెంటియర్, డౌడ్నా అనే ఇద్దరు మహిళలకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ పద్ధతితో సికిల్ సెల్‌కు చేసిన చికిత్సకు 2023లో బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి. రోగి ఎముక మజ్జలో రక్తం తయారుచేసే కణాలను బయటికి తీసి, మార్చి, తిరిగి ఎక్కిస్తారు. ఆ మార్పు రోగి వరకే, పిల్లలకు రాదు. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు! మన దేశపు శాస్త్రవేత్తలు కూడా ఇలాంటి చికిత్స తయారుచేసి 2025లో బిర్సా ముండా పేరు మీద "బిర్సా 101" అని పేరు పెట్టారు.

అది మన దాకా వచ్చేలోగా మనం చేయగలిగినవి:

1. ఇది అంటురోగం కాదు. కలిసి తింటే, కలిసి పడుకుంటే రాదు.
2. రక్తపరీక్ష చేయించుకుని కార్డు దాచుకోవాలి. 2023 జూలై 1న మొదలైన జాతీయ కార్యక్రమంలో 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు.
3. వాహకులిద్దరు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు వ్యాధికి అవకాశం. నలుగురిలో ఒకరికి తప్పక వస్తుందని కాదు, ప్రతిసారీ అదే లెక్క.
4. వాహకులమని ధీమా వద్దు. మలేరియా వాళ్ళకూ వస్తుంది. దోమతెర కట్టుకోవాలి.

వార్డెన్ సారుకు మనవి: ఈ వ్యాధి ఉన్నవారికి చన్నీళ్ళ స్నానం, ఎండలో పరుగు తప్పించండి. మంచినీళ్ళు ఎక్కువ తాగనివ్వండి, ఇంకో దుప్పటి ఇప్పించండి. డాక్టరు రాసిన మాత్రలు రోజూ వేసుకునేటట్టు చూడండి. జ్వరం వచ్చినా, నొప్పి పెరిగినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి పంపండి.

మా మిత్రునికి కూడా ఒక మాట. "దొంగ నొప్పి" అన్నందుకు క్షమించు. రేపటి నుంచి నీ కంచం పక్కనే నా కంచం.

ఆలోచించండి: మలేరియా పూర్తిగా పోయిన ఊరిలో, చాలా తరాల తరవాత కొడవలి జన్యువు పెరుగుతుందా, తగ్గుతుందా? ఎందుకు? జవాబు రాసి సైన్సు సారుకు ఇవ్వండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థి