అటక మీది రేడియోకు డి.ఏ. లెక్క

కరువు భత్యం గురించి మన బ్యాంకు కుటుంబాలకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలలు వస్తున్నాయంటే ఈసారి డి.ఏ. ఎంత పెరిగిందన్న మాట ఇంట్లో వినిపిస్తూనే ఉంటుంది. దానికి ఆధారం పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీ. అదే సూచీతో, అటక మీద దుమ్ము పట్టిన ట్రాన్సిస్టరో, టేప్ రికార్డరో ఆ రోజుల్లో ఇంటికి ఎంత బరువైన కొనుగోలో కూడా తెలుసుకోవచ్చు.

ఈ లెక్క అవసరమేమిటంటే, ఢిల్లీ, నోయిడాల్లో మన ఇళ్లు చిన్నవి. బదిలీ ఆర్డరు రాగానే ముందుగా కబాడీవాలా చేతికి వెళ్లేవి ఇలాంటి వస్తువులే. "తాతయ్య రెండు వందలకు కొన్నారట, వంద వచ్చినా చాలుగా" అని పిల్లలు అంటుంటారు. 1960 నాటి రూపాయిని, ఈనాటి రూపాయిని ఒకటే అనుకోవడం వల్ల వచ్చే మాట ఇది.

లెక్క ఇలా వేయాలి

12వ ద్వైపాక్షిక ఒప్పందంలో 2022 నవంబరు 1 నుంచి మూలవేతనంలో కలిపిన డి.ఏ. 2016 ఆధార సంవత్సరంగా 123.03 పాయింట్ల దగ్గరిది. 1960 ఆధారంగా చూస్తే అది 8088. అంటే 1960లో 100 రూపాయలకు వచ్చిన సరుకుల బుట్ట ఆ సూచీ దగ్గర 8088 రూపాయలు. కాబట్టి 1960 నాటి ధరను 81తో గుణించాలి.

1982 నాటి ధరకు ఇంకో మెట్టు ఉంది. 1960, 1982 సూచీల మధ్య లంకె 4.93. 8088ని 493తో భాగిస్తే సుమారు 16.4 వస్తుంది. 1982 రసీదులో 1,000 రూపాయలుంటే ఈ లెక్కలో 16,400 అన్నమాట. ఆ తరువాత ధరలు ఇంకా పెరిగాయి కనుక ఇవి తక్కువలో తక్కువ అంకెలు.

మూడు ఉదాహరణలు

మార్కెట్లోకి వచ్చిన తొలి ట్రాన్సిస్టరు రేడియో అమెరికాలో 1954లో విడుదలైన రీజెన్సీ టి.ఆర్.-1. ధర 49.95 డాలర్లు. అప్పుడు డాలరు 4.76 రూపాయలు కాబట్టి 238 రూపాయలు. 1960 గుణకంతోనే చూసినా 19 వేల పైమాటే. జేబులో పట్టే ఆ రేడియోలో ఉన్నవి నాలుగు ట్రాన్సిస్టర్లు!

రెండోది లైసెన్సు. మన దేశంలో రేడియో కొంటే సరిపోయేది కాదు, ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాలి. మామూలు ఇంటి సెట్టుకు 15 రూపాయలు. 81తో గుణిస్తే 1,215. ఢిల్లీ నుంచి వచ్చే ఆకాశవాణి తెలుగు వార్తలు వినడానికి మన పెద్దలు చెల్లించిన వార్షిక చందా అది. 1980ల మధ్యలో గానీ ఈ లైసెన్సు పూర్తిగా పోలేదు.

మూడోది 1979 జూలైలో జపాన్‌లో వచ్చిన సోనీ వాక్‌మన్. ధర 33,000 యెన్లు. ఆనాటి మారకంలో సుమారు 150 డాలర్లు, అంటే దాదాపు 1,200 రూపాయలు. 1982 గుణకం వేసినా 20 వేలకు దగ్గర. ఇందులో కస్టమ్స్ సుంకం లేదు. విదేశాల నుంచి వచ్చే బంధువు సూట్‌కేసులో క్యాసెట్ ప్లేయరు ఉంటే వీధంతా ఎందుకు చూడటానికి వచ్చేదో ఈ అంకె చెబుతుంది.

సూచీ చెప్పలేనిది

సూచీ బుట్టలో తిండి, బట్ట, అద్దె వంటి వాటికే బరువెక్కువ. ఎలక్ట్రానిక్ వస్తువులు కాలం గడిచేకొద్దీ చవకవుతాయి. క్యాసెట్ల కథే చూడండి. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన క్యాసెట్ మన దేశంలో చాలాకాలం కలిగినవారి వస్తువు. 1980లలో దర్యాగంజ్‌కు చెందిన పండ్లరసం వ్యాపారి కొడుకు గుల్షన్ కుమార్ టి-సిరీస్ పేరుతో, నోయిడా కేంద్రంగా, చవక క్యాసెట్లు విరివిగా అమ్మడంతో అది సామాన్యుడి చేతికొచ్చింది.

అందుకే రెండో కొలత కూడా వాడాలి. వస్తువు ధరను కొన్నవారి ఆనాటి నెల జీతంతో భాగించండి. 150 రూపాయల జీతగాడు 200 పెట్టి రేడియో కొన్నాడనుకుందాం. నెల జీతానికి మూడో వంతు ఎక్కువ! ఇంటి ఖర్చు పోగా మిగిలిన దానితో అది తీరడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు.

ఒక జాగ్రత్త. అప్పటి ఖరీదు వేరు, ఇప్పటి అమ్మకపు ధర వేరు. ఎర్రకోట ఎదుట లాజ్‌పత్ రాయ్ మార్కెట్‌లోనో, ఆదివారం పాత సామాను అమ్మే చోటనో ఎవరైనా "యాంటిక్" అని వేలల్లో చెబితే వెనక మూత తీయించి చూడండి. బ్యాటరీ కారి స్ప్రింగులు తుప్పు పట్టాయా, క్యాసెట్ ప్లేయరులో రబ్బరు బెల్టు సాగిందా, డయల్ దారం తెగిందా, క్యాబినెట్ పగిలిందా? ధర తేల్చేవి ఇవే.

ఇంట్లో పాత రేడియో ఉన్నవారు ఈ ఆదివారం పెద్దవాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. ఏ సంవత్సరంలో కొన్నారు? ఎంత పెట్టారు? అప్పుడు జీతమెంత? జవాబులు ఒక చీటీ మీద రాసి సెట్టు వెనక అంటించండి. లెక్క పిల్లల చేతే వేయించండి. అమ్మాలో ఉంచాలో ఆ తరువాత నిర్ణయించుకోవచ్చు. రేడియో ఎప్పుడైనా దొరుకుతుంది, ఆ జవాబులు చెప్పేవారు ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి.